మొదటిసారి వెతికితే దొరకలేదా? ఏ మాట మార్చాలో ఇలా చూసుకోండి

బత్తాయి చెట్టు మొదట్లో బంక కారుతుంటుంది. తోటలోనే నిలబడి ఫోన్ తీసి గూగుల్‌లో కొడతారు:

"బత్తాయి చెట్టుకు బంక వస్తుంది ఏం చేయాలి"

బత్తాయి రసం తాగితే లాభాలు, ఇవాళ టన్ను ధర, ఎవరిదో పది నిమిషాల వీడియో. ఇలాంటివే పైకొస్తుంటాయి. ఇక్కడ చాలామంది చేసేది రెండే పనులు. అదే వాక్యానికి ఇంకో నాలుగు మాటలు కలిపి మళ్లీ కొట్టడం, లేదంటే ఫోన్ జేబులో పెట్టుకుని మందుల దుకాణానికి పోవడం. జవాబు లేక కాదు. మనం కొట్టిన మాటలు ఆ జవాబున్న పేజీలో లేవు, అంతే.

గూగుల్ ఈమధ్య పర్యాయపదాలను, వాక్యం మొత్తం అర్థాన్ని కొంతవరకు పట్టుకుంటోంది. ఇంగ్లిష్‌లో బాగానే పట్టుకుంటుంది. తెలుగులో, అందులోనూ నల్లగొండ, పాలమూరు పల్లెల మాటల్లో ఆ తెలివి ఇంకా పల్చనే. కాబట్టి జవాబు రాసినవాళ్లు ఏ మాటలు వాడి ఉంటారో ఊహించి కొట్టడమే మన పని. ఆ మాటలు ఎక్కడ దొరుకుతాయంటే, చాలాసార్లు పనికిరావని మనం పక్కన పెట్టిన ఫలితాల్లోనే.

ముందే ఒక మాట. ఇక్కడ ఇంగ్లిష్ పదాలను కూడా తెలుగు లిపిలోనే రాశాం. "ఇంగ్లిష్‌లో కొట్టండి" అన్నచోట వాటిని ఇంగ్లిష్ అక్షరాల్లో టైప్ చేసుకోవాలి. మాటల చుట్టూ ఉన్న కొటేషన్ గుర్తులు చూపడానికే, కొటేషన్లో పెట్టాలని చెప్పినచోట తప్ప వాటిని కొట్టొద్దు.

బత్తాయి బంక: ఒక వెతుకులాట మొదటి నుంచి చివరిదాకా

పై వాక్యంలో ముందు తీసేయాల్సింది ప్రశ్న భాగం. "వస్తుంది", "ఏం చేయాలి" అనే మాటలు లక్షల పేజీల్లో ఉంటాయి, వాటితో వడపోత జరగదు. రెండోది, లక్షణాన్ని పేరుగా మార్చాలి. చెట్టు జబ్బును మన వ్యవసాయ పుస్తకాలు "తెగులు" అంటాయి. అప్పుడు:

"బత్తాయి బంక తెగులు"

ఇక్కడ ఒక చిక్కుంది. "పేనుబంక" అనే ఇంకో మాట ఉంది. అది రసం పీల్చే చిన్న పురుగు, చెట్టు మొదట్లో కారే బంకకు దానితో సంబంధం లేదు. ఫలితాల్లో ఆ పేజీలు కలిసొస్తే కంగారు పడొద్దు, శీర్షిక చూసి దాటేయండి. ఇంగ్లిష్ అక్షరాల్లో "బంక" అని కొడితే ఇంకా గోల. బ్యాంకు, పెట్రోల్ బంకు, అన్నీ ఎదురొస్తాయి. ఈ మాటను తెలుగు లిపిలోనే కొట్టాలి.

రెండో ప్రయత్నంలో వచ్చిన పేజీల్ని పూర్తిగా చదవక్కర్లేదు. మన జబ్బు గురించే ఉన్న ఒక పేజీని పట్టుకుని, మనకు కొత్తగా కనబడే పేర్లను ఏరుకోవాలి. సాధారణంగా "ఫైటోఫ్తోరా" అనే శిలీంద్రం లాంటి సూక్ష్మజీవి పేరు, "గమోసిస్" అనే ఇంగ్లిష్ పేరు, "బోర్డో పేస్టు" అనే మందు పేరు కనిపిస్తాయి. ఇవి మూడూ మనం తోటలో నిలబడి కొట్టిన మాటల్లో లేవు. తర్వాతి వెతుకులాటకు అవే పెట్టుబడి.

మూడోది ఇంగ్లిష్‌లో:

"సిట్రస్ గమోసిస్ ఫైటోఫ్తోరా"

ఇప్పుడు పేజీలు కుప్పలుగా వస్తాయి గానీ ఎక్కువ భాగం కాలిఫోర్నియా, ఫ్లోరిడా విశ్వవిద్యాలయాలవి. శాస్త్రం ఒకటే అయినా వాళ్ల మందుల పేర్లు, వేరుమూలాలు వేరు. విషయం సరైనదే, చోటు తప్పు. కాబట్టి "సిట్రస్" తీసి మన పంటకు శాస్త్రవేత్తలు వాడే పేరు పెట్టాలి. బత్తాయిని పరిశోధన పత్రాల్లో "స్వీట్ ఆరెంజ్" అంటారు, మన దగ్గర ఎక్కువగా సాగయ్యే రకం పేరు "సాత్‌గుడి". హిందీ ప్రాంతాల మార్కెట్లో అదే "మొసంబి". చెట్టు రంగపూర్ నిమ్మ మీద అంటు కట్టినదైతే ఆ మాట కూడా కలపొచ్చు.

"స్వీట్ ఆరెంజ్ సాత్‌గుడి గమోసిస్ మేనేజ్‌మెంట్"

ఇది మన నేలకు, మన రకానికి దగ్గరి పేజీలను తెస్తుంది. తిరుపతిలోని నిమ్మజాతి పరిశోధన స్థానం, నల్లగొండ జిల్లాలోని కొండమల్లేపల్లి ఉద్యాన పరిశోధన స్థానం లాంటి పేర్లు ఎదురైతే వాటిని కూడా రాసి పెట్టుకోండి. స్థానం పేరు కలిపి కొడితే వాళ్ల సిఫార్సులు నేరుగా దొరికే అవకాశం ఉంది.

ఇక చివరిది. జబ్బేమిటో తెలిసింది, మందు పేరూ తెలిసింది. తయారీ కావాలి.

"బోర్డో పేస్టు తయారీ"

ఇక్కడ ఒక్క మాట జారితే పదింతల తేడా. "బోర్డో మిశ్రమం" అని కొడితే ఒక శాతం మిశ్రమం వస్తుంది. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, 100 లీటర్ల నీళ్లు. అది పిచికారీకి. చెట్టు మొదలుకు పూసేది పేస్టు. అదే కిలో, అదే కిలో, నీళ్లు మాత్రం 10 లీటర్లు. "పేస్టు" అనే మాట తప్పనిసరిగా ఉండాల్సింది ఇందుకే.

మొదటి వాక్యాన్ని, చివరి వాక్యాన్ని పక్కపక్కన పెట్టి చూడండి. ఒక్క మాట కూడా ఉమ్మడిగా లేదు. వెతకడమంటే ఒకేచోట జవాబు మొత్తం దొరకడం కాదనీ, పొదపొదకూ తిరిగి రేగుపళ్లు ఏరినట్టు ఒక్కోచోట ఒక్కో ముక్క దొరుకుతుందనీ, దాన్ని బట్టి మన ప్రశ్న కూడా మారుతూ పోతుందనీ మార్సియా బేట్స్ అనే గ్రంథాలయ శాస్త్ర పరిశోధకురాలు 1989లోనే రాసింది. ఆవిడ చెప్పినది కూడా పళ్లు ఏరే పోలికలోనే. మన పొలం గట్ల మీద తిరిగినవాళ్లకు దాన్ని విడమరచి చెప్పక్కర్లేదు.

ఫలితాలు చూసి తప్పు పట్టడం

మాట మార్చే ముందు పది సెకన్లు మొదటి పేజీ మీద కన్ను తిప్పండి. లింకులు తెరవొద్దు, శీర్షికలు, కింద వచ్చే రెండు లైన్లు చాలు. ఏ రకం తప్పు జరిగిందో అక్కడే తెలుస్తుంది. రకాన్ని బట్టి మందు వేరు.

విషయమే వేరైతే, మనం వాడిన మాటకు రెండర్థాలున్నట్టు. విషయం సరైనదై లోతు లేకపోతే, మాట మరీ సాధారణమైనది, పేరు కావాలి. అన్నీ వార్తలే వస్తే, కాగితం రకం చెప్పాలి. "జీవో", "సర్క్యులర్", "మార్గదర్శకాలు", "దరఖాస్తు ఫారం" లాంటి ఒక మాట చేర్చగానే వార్తలు వెనక్కిపోతాయి. అన్నీ ఆంధ్ర వాళ్లవే వస్తే "తెలంగాణ" చేర్చాలి, లేదా సైటును కట్టడి చేయాలి, దాని సంగతి కిందకు వస్తుంది.

ఒక్కోసారి ఫలితం కింద చిన్న అక్షరాల్లో "మిస్సింగ్" అని రాసి, మనం కొట్టిన ఒక మాటను కొట్టేసి చూపిస్తుంది. అంటే గూగుల్ ఆ మాటను వదిలేసి వెతికిందన్నమాట. మనకు ఆ మాటే ప్రాణమైతే దాని పక్కనే "షో రిజల్ట్స్ విత్" అని ఉన్న లింకు నొక్కండి. అలాగే పైన "ఫలానా మాటకు ఫలితాలు చూపిస్తున్నాం" అని తన సొంత స్పెల్లింగుతో వెతికినప్పుడు, కింద మనం కొట్టిన మాటకే వెతికే లింకు ఉంటుంది. ఊరి పేర్లకు ఇది తరచుగా జరుగుతుంది. చాలామంది ఆ లైను వైపే చూడరు, ఫలితాలు తప్పని తిట్టుకుంటారు.

ఒకసారికి ఒక మార్పే చేయండి. మూడు మాటలు ఒకేసారి మారిస్తే బాగుపడిందో చెడిందో దేనివల్లో తెలియదు.

మన మాట, కాగితం మాట

పాలమూరు రైతు పల్లి అంటాడు. వ్యవసాయ శాఖ కరపత్రం వేరుశనగ అంటుంది. మన దేశపు ఇంగ్లిష్ పత్రాలు "గ్రౌండ్‌నట్" అంటాయి, అమెరికా వాళ్లు "పీనట్" అంటారు. నాలుగూ ఒక్కటే గింజ. పల్లి అని కొడితే పల్లి చట్నీ, పల్లి పట్టీ వస్తాయి, ఎందుకంటే వంట రాసేవాళ్లు ఆ మాట వాడతారు. తిక్క ఆకుమచ్చ తెగులు గురించి కావాలంటే వేరుశనగ అనాలి, లేదా గ్రౌండ్‌నట్ అనాలి. మక్కలు అని కొడితే దొరకనిది మొక్కజొన్న అంటే దొరుకుతుంది. వరికి దోమపోటు అని దొరకకపోతే సుడిదోమ అని చూడండి.

భూమి కాగితాల్లో ఇది ఇంకా ఎక్కువ. తండ్రి చనిపోయాక పట్టా కొడుకుల పేరు మీదికి మార్చుకోవడాన్ని మన దగ్గర ఫౌతీ అంటారు, విరాసత్ అని కూడా అంటారు. వెబ్‌సైట్లో, ఇంగ్లిష్ ఉత్తర్వుల్లో అది "సక్సెషన్". కొన్న భూమి పేరు మార్పు "మ్యుటేషన్". సాగు భూమిని ఇళ్ల స్థలంగా మార్చడం "నాలా". ఈసీ అంటే "ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్". ఊళ్లో మాటతో ఒకసారి, కాగితం మాటతో ఒకసారి, రెండూ కొట్టి చూడాలి. ఊరి మాటకు అనుభవస్తుల వీడియోలు, చర్చలు వస్తాయి. కాగితం మాటకు నిబంధన వస్తుంది. రెండూ కావాల్సినవే, కాకపోతే దేనికోసం వెతుకుతున్నామో గుర్తుండాలి.

కాగితం మాట తెలియకపోతే? చేతిలో ఉన్న రసీదు, పాస్‌బుక్, మోటార్ మీది ప్లేటు, మందు డబ్బా లేబులు, వీటిని చూడండి. బోరు స్టార్టర్ మాటిమాటికీ పడిపోతుంటే "మోటార్ ఆగిపోతుంది" అని కొడితే ప్రపంచంలోని మోటార్లన్నీ వస్తాయి. ప్లేటు మీద హెచ్‌పీ, ఫేజు, మోడల్ నంబరు ఉంటాయి. "సబ్‌మెర్సిబుల్ 5 హెచ్‌పీ త్రీ ఫేజ్ స్టార్టర్ ఓవర్‌లోడ్ రిలే ట్రిప్పింగ్" అని ఇంగ్లిష్‌లో కొట్టండి. మందు డబ్బాకైతే కంపెనీ పెట్టిన పేరు వదిలేసి, చిన్న అక్షరాల్లో ఉండే అసలు రసాయనం పేరు కొట్టాలి. వ్యాపారం పేరుకు అమ్మకం పేజీలు, రసాయనం పేరుకు సమాచారం పేజీలు వస్తాయి.

నంబరు దొరికితే అంతకంటే మంచి మాట ఉండదు. తాగే నీళ్లలో ఫ్లోరైడ్ ఎంతవరకు ఉండొచ్చని వెతికితే వార్తలే వార్తలు. దేశపు తాగునీటి ప్రమాణం నంబరు ఐఎస్ 10500, 2012 నాటిది. ఆ నంబరు, "ఫ్లోరైడ్" కలిపి కొడితే లీటరుకు 1 మిల్లీగ్రాము, వేరే నీళ్లు దొరకనిచోట 1.5 వరకు అనే లైను నేరుగా ఎదురవుతుంది. ల్యాబ్ రిపోర్టులో "పీపీఎం" అని ఉండి, పేజీలో "మిల్లీగ్రాములు" అని ఉన్నా కంగారు లేదు, నీళ్ల విషయంలో రెండూ ఒకటే అనుకోవచ్చు. కొట్టేటప్పుడు మాత్రం ఒకదానితో దొరకకపోతే రెండోదానితో చూడాలి.

ఊరి పేర్లతో వచ్చే తిప్పలు

పిల్లలమర్రి అని కొడితే ఎక్కువగా మహబూబ్‌నగర్ పక్కనున్న పెద్ద మర్రిచెట్టు వస్తుంది. కాకతీయుల కాలపు గుళ్లున్న పిల్లలమర్రి సూర్యాపేట దగ్గరిది. పానగల్లు అంటే నల్లగొండ పక్కన ఛాయా సోమేశ్వరాలయం ఉన్న ఊరూ ఉంది, వనపర్తి జిల్లాలో కోట ఉన్న పానగల్లూ ఉంది. రెండో మాట లేకుండా ఇలాంటి పేర్లు కొట్టొద్దు. చెట్టా గుడా, సూర్యాపేటా పాలమూరా, ఏదో ఒకటి చేర్చండి. పాలెం వ్యవసాయ పరిశోధన స్థానం నాగర్‌కర్నూల్ జిల్లాలో ఉంది, కానీ "పాలెం" అని ఒక్కమాట కొడితే తెలుగు నేల మీది సగం ఊళ్లు లేచి వస్తాయి. దానికి "ఆర్ఏఆర్ఎస్" (ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానానికి ఇంగ్లిష్ పొట్టిపేరు) అని ముందు తగిలించాలి.

స్పెల్లింగు కూడా మారుస్తూ చూడాలి. నల్గొండ, నల్లగొండ. మహబూబ్‌నగర్‌కు ఇంగ్లిష్‌లో కనీసం రెండు రకాలు వాడుకలో ఉన్నాయి. జనాభా లెక్కల పుస్తకాల్లో ఒకటి, జిల్లా వెబ్‌సైటు చిరునామాలో ఒక "ఏ" ఎక్కువగా ఇంకొకటి. వనపర్తి, దేవరకొండ కూడా అంతే. తెలుగులో "మహబూబ్‌నగర్" కలిపి ఒకసారి, "మహబూబ్ నగర్" విడదీసి ఒకసారి, "పాలమూరు" అని ఒకసారి.

పాత లెక్కలు వెతికేవాళ్లు మరచిపోయేది జిల్లాల విభజన. 2016 అక్టోబర్ 11కు ముందు సూర్యాపేట, యాదాద్రి భువనగిరి ప్రాంతాలు ఎక్కువగా నల్లగొండ జిల్లాలోవే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మహబూబ్‌నగర్‌లోవి. నారాయణపేట జిల్లా ఇంకా ఆలస్యంగా, 2019లో వచ్చింది. గద్వాల మండలం 2011 జనాభా కావాలంటే "జోగుళాంబ గద్వాల జిల్లా 2011" అని కొట్టి లాభం లేదు, అప్పటికి ఆ జిల్లా లేదు. మహబూబ్‌నగర్ జిల్లా జనాభా లెక్కల హ్యాండ్‌బుక్‌లో చూడాలి. సంస్థల పేర్లూ ఇంతే. 2024లో టీఎస్ పోయి టీజీ వచ్చింది. ఆర్టీసీ, పబ్లిక్ సర్వీస్ కమిషన్, మన దక్షిణ జిల్లాలకు కరెంటు ఇచ్చే పంపిణీ సంస్థ, అన్నింటి పొట్టిపేర్లూ మారాయి. పాత నోటిఫికేషన్‌కు పాత పేరు, కొత్తదానికి కొత్త పేరు.

తెలుగులో కొట్టేటప్పుడు

విభక్తులు తీసేయండి. "బత్తాయిలో", "బత్తాయికి", "బత్తాయిని" అని కాక "బత్తాయి" అని మాత్రమే. మన భాషలో ప్రత్యయం మాటకు అతుక్కుపోతుంది కాబట్టి యంత్రానికి అది వేరే మాటలా కనబడే అవకాశం ఉంది. కొటేషన్ గుర్తుల్లో పెట్టినప్పుడు ఈ దెబ్బ గట్టిగా తగులుతుంది, అక్షరం మారినా దొరకదు.

నోటితో చెప్పి వెతికేవాళ్లు, వెతికే ముందు పెట్టెలో ఏం పడిందో ఒక్కసారి చదవాలి. ఊరి పేర్లు, మందుల పేర్లు యంత్రానికి సరిగా వినబడవు. "గమోసిస్" అన్నది ఏదో సినిమా పేరైపోతుంది.

ఇంకో సంగతి తెలిసినవాళ్లు తక్కువ. తెలుగు కరపత్రాలు, పాత పుస్తకాలు, కొన్ని ప్రభుత్వ పత్రాలు అను లాంటి పాత ఫాంట్లలో టైపు చేసినవి. కంటికి చక్కటి తెలుగే, కానీ పీడీఎఫ్ లోపల ఉన్నవి అర్థంలేని ఇంగ్లిష్ గుర్తులు. తెలుగు మాటతో వాటిని ఏ సెర్చీ పట్టలేదు. స్కాన్ చేసిన కాగితాల సంగతీ దాదాపు ఇంతే. తెలుగులో ఎంత మార్చినా ఒక పత్రం దొరకలేదంటే అది లేదని కాదు. ఇంగ్లిష్‌లో దాని శీర్షికను, సంస్థ పేరును, సంవత్సరాన్ని ఊహించి కొట్టండి, లేదా ఆ సంస్థ సైటుకు పోయి "పబ్లికేషన్స్", "డౌన్‌లోడ్స్" పేజీలు చేత్తో తిరగేయండి.

గుర్తులు: ఏది ఎక్కడ పనిచేస్తుంది, ఎక్కడ చెడగొడుతుంది

మాటలతో పని అయ్యేదాకా గుర్తుల జోలికి పోకపోవడమే మేలు. అవసరం పడ్డప్పుడు ఈ నాలుగైదు చాలు.

కొటేషన్ గుర్తులు. లోపలి మాటలు అదే వరుసలో ఉన్న పేజీలే కావాలన్నప్పుడు. ఉత్తర్వులోని ఒక వాక్యం, పథకం పూర్తి పేరు, పుస్తకం పేరు, వీటికి బాగుంటుంది. ప్రశ్న మొత్తాన్ని కొటేషన్లో పెడితే ఫలితాలు సున్నా. ఇలా ఉన్నదున్నట్టు తెలిసిన వాక్యం, పేరు కాకపోతే రెండు మూడు మాటలు దాటనివ్వకండి.

మైనస్. దీనికి నల్లగొండే మంచి ఉదాహరణ. ఇంగ్లిష్‌లో "నల్గొండ ఫ్లోరైడ్" అని కొడితే ఇథియోపియా, టాంజానియా పరిశోధనలు కలిసొస్తుంటాయి. పటిక, సున్నంతో నీళ్లలోంచి ఫ్లోరైడ్ తీసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి (జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ) రూపొందించి "నల్గొండ టెక్నిక్" అని పేరు పెట్టింది, అది ఆఫ్రికా దాకా పోయింది. మన జిల్లా బోర్ల లెక్కలు కావాలంటే "నల్గొండ ఫ్లోరైడ్ -టెక్నిక్" అని కొట్టాలి. ఆ పద్ధతే కావాలంటే "నల్గొండ టెక్నిక్" మొత్తాన్ని కొటేషన్లో పెట్టాలి. మైనస్‌కు ముందు ఖాళీ ఉండాలి, తర్వాత ఉండకూడదు. ఇక్కడే అందరూ తప్పుతారు. ఇంకో ప్రమాదం, మైనస్ మంచి పేజీలను కూడా నరికేస్తుంది. "-ఆంధ్ర" అని పెడితే రెండు రాష్ట్రాల గురించీ రాసిన మంచి పేజీ కూడా పోతుంది. మైనస్‌ను రాష్ట్రాల మీద వాడకండి.

సైటు కట్టడి. ఇంగ్లిష్ చిన్న అక్షరాల్లో సైట్ అనే మాట, వెంటనే కోలన్, వెంటనే చిరునామా. ఖాళీ ఎక్కడా ఉండదు.

"సక్సెషన్ సైట్:తెలంగాణ.గవ్.ఇన్"

గవ్ అన్నది జీ, ఓ, వీ అక్షరాలు. ఇలా కొడితే రాష్ట్ర ప్రభుత్వ సైట్లు, వాటి కింద ఉన్న జిల్లా సైట్లు మాత్రమే వస్తాయి. నల్లగొండ ఒక్కటే కావాలంటే తెలంగాణకు ముందు నల్గొండ, చుక్క పెట్టాలి. కొన్ని ఫోన్ కీబోర్డులు కోలన్ తర్వాత తామే ఖాళీ పెట్టేస్తాయి. ఏమీ రాకపోతే ముందు అది చూడండి. చిరునామా ముందు ఉండే హెచ్‌టీటీపీఎస్ భాగాన్ని కాపీ చేసి అతికించొద్దు.

ఫైల్‌టైప్ కోలన్ పీడీఎఫ్, ఇది కరపత్రాలు, ఉత్తర్వులు, పాఠ్యాంశాల కోసం. దీనికీ ఖాళీ ఉండదు.

తేదీ. ఆఫ్టర్, బిఫోర్ అనే మాటలకు కోలన్ పెట్టి సంవత్సరం-నెల-రోజు వరుసలో తేదీ ఇవ్వాలి. భూమి కాగితాలకు ఇది చాలా ముఖ్యం. 2020 చివర్లో ధరణి వచ్చింది, దాని స్థానంలో 2025 ఏప్రిల్ 14న భూభారతి పోర్టల్ మొదలైంది. మధ్యలో నాలుగున్నరేళ్లపాటు రాసినవి, తీసిన వీడియోలు అన్నీ పాత పద్ధతివే, ఇప్పటికీ పైన కనబడుతుంటాయి. కాబట్టి:

"ఫౌతీ తెలంగాణ ఆఫ్టర్:2025-04-14"

తేదీ గుర్తును పూర్తిగా నమ్మొద్దు. పాత పేజీకి చిన్న సవరణ చేసి కొత్త తేదీ వేసేవాళ్లున్నారు. పేజీ తెరిచి లోపల ధరణి అని ఉందో, భూభారతి అని ఉందో చూసుకోవాలి. ఫోన్ బ్రౌజర్లో మూడు చుక్కల మెనూలో "ఫైండ్ ఇన్ పేజ్" ఉంటుంది, ఆ మాట కొడితే ఒక్క క్షణంలో తేలుతుంది.

రెండు మాటల్లో ఏదైనా పర్వాలేదనుకుంటే మధ్యలో "ఆర్" అని ఇంగ్లిష్ పెద్ద అక్షరాల్లో పెట్టాలి. "స్వీట్ ఆరెంజ్" ఆర్ "మొసంబి" అన్నట్టు. చిన్న అక్షరాల్లో పెడితే దాన్ని మామూలు మాటగానే తీసుకుంటుంది.

గుర్తులన్నీ కలిపి ఒకే లైనులో పేర్చి, ఏమీ రాక, సెర్చిని తప్పు పట్టడం కొత్తగా నేర్చుకున్నవాళ్లకు మామూలే. సున్నా ఫలితాలు వస్తే చివర చేర్చినదాన్ని ముందు తీసేయండి. ముందు తేదీ, తర్వాత కొటేషన్లు, తర్వాత సైటు, చివరగా మాటలు.

మొగ్గు ఉన్న ప్రశ్న

"బత్తాయి షుగర్‌ను తగ్గిస్తుందా" అని కొడితే తగ్గిస్తుందని రాసిన పేజీలే ముందుకొస్తాయి, ఎందుకంటే మనం కొట్టిన మాటలు వాటిలోనే ఉంటాయి. "షుగర్ ఉన్నవాళ్లు బత్తాయి ఎంత తినొచ్చు" అని మార్చండి, లేదా "బత్తాయి గ్లైసెమిక్ ఇండెక్స్" అని, తిన్నది రక్తంలో చక్కెరను ఎంత వేగంగా పెంచుతుందో చెప్పే కొలత పేరుతో కొట్టండి. ఫలానా విత్తనం, ఫలానా చిట్ఫండు, ఫలానా మందు మంచిదా అని వెతికేటప్పుడు ఒకసారి "ఫిర్యాదు", "నష్టం" అనే మాటలతో, ఒకసారి "ఫలితం", "దిగుబడి" అనే మాటలతో చూడాలి. రెండు గుంపుల్లోనూ కనబడిన సంగతిని కొంత నమ్మొచ్చు.

పైన ఏఐ రాసిచ్చే సమాధానం వచ్చినప్పుడు దాని పక్కనున్న లింకుల్ని తెరిచి చూడండి, ముఖ్యంగా మోతాదులు ఉన్నచోట. ఏ సమాధానమూ వద్దు, లింకులే కావాలంటే ఫలితాల పైన వరుసలో "వెబ్" అనే ట్యాబు ఉంటుంది.

ఒక్కదానికి మాత్రం మాటలు మార్చి మార్చి వెతకొద్దు. బ్యాంకు, గ్యాస్, ఫోన్‌పే లాంటి వాటి కస్టమర్ కేర్ నంబర్. ఎన్నిసార్లు మారిస్తే అన్ని నకిలీ నంబర్లు ఎదురొస్తాయి. పాస్‌బుక్ వెనక, కార్డు మీద, యాప్ లోపల ఉన్న నంబరే వాడాలి. డబ్బు పోయిందంటే వెంటనే 1930కు ఫోన్ చేయాలి.

ఎప్పుడు ఆపాలి

ఐదారు సార్లు మార్చినా అవే పేజీలు తిరిగి వస్తుంటే ఆ వైపు సమాచారం అయిపోయినట్టే. మాట కాక చోటు మార్చండి. చూసి చేయాల్సిన పని, అంటే అంటు కట్టడం, రిలే సెట్ చేయడం, యూట్యూబ్‌లో వెతికి ఫిల్టర్‌లో ఈ సంవత్సరం అని పెట్టండి. దుకాణం, ల్యాబ్ అయితే మ్యాప్స్. చెట్టు చూస్తేగానీ చెప్పలేనిదైతే రైతు వేదికలోని వ్యవసాయ విస్తరణ అధికారి దగ్గరికి పోండి, ఉద్యాన అధికారినైనా అడగండి, లేదా కిసాన్ కాల్ సెంటర్ 1800-180-1551కు ఫోన్ చేయండి. అప్పుడు "చెట్టుకు బంక వస్తుంది" అనకుండా "సాత్‌గుడి, రంగపూర్ నిమ్మ మీద అంటు, మొదట్లో బంక, ఫైటోఫ్తోరా అనుకుంటున్నాం" అంటే అవతలివాళ్లు అడిగే ప్రశ్నలు సగానికి తగ్గుతాయి.

దొరికిన పేజీని స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టడం అలవాటు. దాంట్లో తేదీ ఉండదు, ఎవరు రాశారో ఉండదు, వచ్చే ఏడు అదే మందు మోతాదు మారినా ఎవరికీ తెలియదు. లింకు పెట్టండి, దాని కింద ఏ మాటలతో కొడితే దొరికిందో ఒక లైను రాయండి.